గేటు తీసిన మనిషి

మియాపూర్ మెట్రో స్టేషన్ మెట్ల కింద సాయిచంద్ ఇచ్చిన కవరును చున్నీలో చుట్టుకుని, రజిత వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోవడం దగ్గర పోయిన వారం ఆగాం. ఆ కవరు ఆమె చేతిదాకా ఎలా వచ్చిందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం.

రజిత నాయన కిష్టయ్య ఒక టవర్ల సైటులో సెక్యూరిటీ గార్డు. సెల్లార్ కోసం తవ్విన గుంత వైపుకు బరువు బండ్లు రాకూడదని ఇంజనీర్లు వెనక గేటుకు తాళం వేయించారు. ఒకరోజు తెల్లారగట్ల ఆ గేటు తెరుచుకుంది. ఇసుక టిప్పర్ లోపలికి వచ్చింది. గుంత అంచు విరిగి, దాని మీదున్న రేకుల షెడ్డు ఇద్దరు కూలీలతో సహా కిందికి జారిపోయింది. ఇద్దరూ చనిపోయారు. నీలం కోటు వేసుకున్న మనిషి ఎవరో గేటు తీస్తున్నట్టు ఒక మసక వీడియో ఫోన్లలో తిరిగింది. కోటు కిష్టయ్యది. పోలీసులు ఆయన్ను తీసుకెళ్లారు. తాళం తాను తీయలేదని ఒక్కసారి చెప్పి, ఆ తర్వాత ఆయన నోరు విప్పడం మానేశాడు. సైటులో కెమెరాలు బిగించిన కంపెనీ కుర్రాడు సాయిచంద్, అసలు రికార్డింగ్ ఉన్న డిస్కును రజిత చేతిలో పెట్టి, "నా పేరు మాత్రం ఎవరికీ చెప్పకక్కా" అని జనంలో కలిసిపోయాడు.

ఆ డిస్కు పట్టుకుని రజిత మొదట వెళ్లింది ఇంటి పక్కన జిరాక్స్ షాపుకు. అక్కడి పాత కంప్యూటర్లో పెడితే లోపల గిర్రున తిరిగిన చప్పుడు వచ్చింది గానీ తెర మీద ఏమీ రాలేదు. ఇంకోసారి పెట్టినా అంతే. డిస్కు ఖాళీదేమో, సాయిచంద్ మోసం చేశాడేమో అని ఆమెకు అనుమానం వచ్చింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, ఆ సంగతి ఒక్క మనిషికే చెప్పింది. ఆ మనిషి రవీందర్. అమ్మ అంజమ్మకు సొంత తమ్ముడు. నాయన జైలుకు పోయినప్పటి నుంచి వకీలు చుట్టూ తిరుగుతున్నదీ, బియ్యం బస్తా తెచ్చి గుమ్మంలో దించిందీ అతనే.

"నాకియ్యి బిడ్డా, వకీలుకు చూపిస్త," అన్నాడు రవీందర్.

"ఫస్టు నేను చూస్త మామా. చూసినంక ఇద్దాం."

అతను కాసేపు కంచంలోకి చూసి, "సరే, నేను గూడ వస్త. ఒక్కదానివి తిరుగుడెందుకు," అన్నాడు. ఆ మాటకు రజితకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

రజిత హైటెక్ సిటీలో ఒక కంపెనీ కాల్ సెంటర్‌లో పనిచేస్తుంది. అక్కడ ఎవరినో అడిగితే బుల్లిబాబు పేరు చెప్పారు. కొత్తగూడ ఫ్లైఓవర్ దాటాక సందులో, మందుల దుకాణం పైన అతని స్టూడియో. గోదావరి జిల్లా నుంచి వచ్చి పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తూ ఇక్కడే స్థిరపడ్డ మనిషి. మధ్యాహ్నం ఎండలో మేనమామా మేనకోడలూ మెట్లెక్కి వెళ్లేసరికి అతను పెరుగన్నం తిని చెయ్యి కడుక్కుంటున్నాడు.

జిరాక్స్ షాపులో ఏమైందో రజిత చెబుతుంటే, కవర్లోంచి తీసిన డిస్కును బుల్లిబాబు అంచులు మాత్రమే పట్టుకుని వెలుగుకు తిప్పి చూశాడు.

"ఇది డీవీడీ కాదమ్మా. బ్లూ-రే. అందుకే ఆ జిరాక్స్ షాపులో రాలేదు. ఆ కంప్యూటర్ తప్పేం లేదు."

"చూస్తే గట్లనే ఉన్నది గద సార్?"

"చూడ్డానికి కవల పిల్లలే. లోపల తేడా. డీవీడీని ఎర్ర లేజరు చదువుతుంది. దీన్ని చదివేది నీలం లేజరు. నీలం కిరణం చాలా సన్నం. మోటు పెన్నుతో రాస్తే కాగితం మీద నాలుగు లైన్లు పడతాయి, సన్న ములుకుతో రాస్తే అదే కాగితం మీద ఇరవై లైన్లు పడతాయి కదా? అలా అన్నమాట. డీవీడీలో పట్టేదానికి ఐదింతలు దీన్లో పడుతుంది. ఆ సన్న రాతను ఎర్ర లేజరు చదవలేదు." అతను బీరువా అడుగు నుంచి పాత తువ్వాలులో చుట్టిన ఒక నల్లటి డ్రైవ్ తీశాడు. "ఒకప్పుడు పెళ్లివాళ్లు ఇదే కావాలనేవారు. ఇప్పుడంతా పెన్‌డ్రైవే. దీన్ని తీసి ఏడాది అయ్యుంటుంది."

రవీందర్ గోడకు ఆనుకుని వింటున్నాడు. "అన్నా, దీన్ల ఉన్నది మార్చొచ్చా?"

"ఇది ఒక్కసారే రాసే రకమండి. లేజరుతో కాల్చిన గుర్తులు. చెరిపి మళ్లీ రాయడం కుదరదు. సైటు కెమెరా రికార్డింగులకు ఇన్సూరెన్సు వాళ్లు అందుకే ఇలాంటిది అడుగుతారు. పాడు చెయ్యొచ్చు గానీ, మార్చలేరు."

"ఫోన్ల వచ్చిన వీడియో తీరుగనే ఉంటద?"

"అది చేతులు మారి మారి నలిగిపోయిందండి. ఒక్కో ఫోను కొంచెం కొంచెం కోసేసి పంపుతుంది. ఇది కెమెరా చూసింది చూసినట్టు ఉంటుంది."

రజితకు ఆ మాట గుళ్లో గంట మోగినట్టు వినిపించింది. నాయన కాదని తేలిపోతుంది. అంతే చాలు. ఆ మనిషి ఎవరైతే ఏమిటి, నాయన కాకపోతే చాలు.

డ్రైవ్ తిరగడం మొదలుపెట్టింది. కంప్యూటర్ పాతది, తెర మీద చిన్న చక్రం అలా తిరుగుతూనే ఉంది. అంతలో రవీందర్ ఫోను మోగింది. పేరు చూసి, "గిప్పుడే వస్త," అని అతను గాజు తలుపు తోసుకుని బయటి వరండాలోకి వెళ్లాడు. తలుపు మూసుకుంది. అవతల అతని వీపు కనిపిస్తోంది.

తెర మీద బొమ్మ వచ్చింది.

రజిత తెర దగ్గరికి వంగింది. ఫోనులో చూసి చూసి కళ్లు మండిన చోటే, కానీ అదే చోటని నమ్మలేకపోయింది. గేటు ఇనుప చువ్వల మీద తుప్పు కనిపిస్తోంది. గార్డు గది మేకుకు నీలం కోటు వేలాడుతోంది. రేకుల షెడ్డు ముందు ఒక కూలీ గొంతుకూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. మగ్గులోంచి నీళ్లు తీసి పుక్కిలించి ఉమ్మితే, ఆ నీటి తుంపర కూడా లైటు వెలుగులో మెరిసింది. ఇంకాసేపట్లో చనిపోబోయే మనిషి భుజం మీద తువ్వాలు సర్దుకుని షెడ్డులోకి వెళ్లాడు. రజిత కళ్లు మూసుకోబోయి, మూసుకోలేకపోయింది.

తర్వాత కిష్టయ్య కనిపించాడు. నీళ్ల మోటారు ఆపడానికి కాబోలు, బనీను మీద శాలువ కప్పుకుని టార్చి పట్టుకుని ఎడమ వైపు నడిచి బొమ్మలోంచి వెళ్లిపోయాడు. కోటు మేకుకే ఉంది.

"నాయిన," అంది రజిత. "ఆయనే సార్, మా నాయిన. కోటు ఏసుకోలే."

"చూశానమ్మా. తొందరపడకు."

కుడి వైపు నుంచి వేరే మనిషి వచ్చాడు. ఉన్ని టోపీ పెట్టుకున్నాడు. చేతులు రుద్దుకుని, మేకు నుంచి కోటు తీసి తొడుక్కున్నాడు. కోటు చేతులు అతని మణికట్టు దాకా రాలేదు. కిష్టయ్యకు ఆ కోటు ఎంత పెద్దదంటే, చేతులు రెండు మడతలు పెట్టుకుంటే గానీ వేసుకోలేడు. ఆ మనిషి జేబులోంచి తాళంచెవి తీసి గేటు వైపు నడిచాడు. నడుస్తూ మెడ వెనక గోక్కున్నాడు.

ఆ మెడ రజితకు తెలుసు. చిన్నప్పుడు జాతరకు పోయినప్పుడల్లా ఆ భుజాల మీదే కూర్చునేది. జుట్టు పట్టుకుని గుంజితే ఆ చెయ్యి అలాగే వెనక్కి వచ్చి మెడ గోక్కునేది. కాదు, అందరూ మెడ గోక్కుంటారు, అనుకుంది. లోకంలో అందరూ గోక్కుంటారు.

గేటు తెరుచుకుంది. టిప్పర్ హెడ్‌లైట్లు ఒక్కసారిగా ఆ మనిషి మీద పడ్డాయి. ఫోను వీడియోలో ఆ చోట తెల్లటి మరక తప్ప ఏమీ ఉండేది కాదు. ఇక్కడ ముఖం ఉంది. వెలుగుకు కళ్లు చిట్లించుకున్న ముఖం, పెదవి కింద చిన్న గాటు, రెండు రోజుల గడ్డం. బుల్లిబాబు బొమ్మను అక్కడే ఆపాడు.

బుల్లిబాబు తెరను చూశాడు. మెల్లగా తల తిప్పి గాజు తలుపు వైపు చూశాడు. వరండాలో రవీందర్ ఇప్పుడు ఇటు తిరిగి నిలబడ్డాడు. ఎండకు కళ్లు చిట్లించుకుని ఫోనులో మాట్లాడుతున్నాడు.

"అమ్మా," అన్నాడు బుల్లిబాబు గొంతు తగ్గించి. "ఆయన మీకేమవుతాడు?"

"మామ," అంది రజిత. మొన్ననే తన చేతి అన్నం తిన్నాడు. నాయనకు జైల్లో చలి పెడుతుందేమోనని రగ్గు కొనిచ్చాడు. ఆ రగ్గు పట్టుకుని నాయన అతన్ని ఒక్క మాట అనకుండా చూస్తూ కూర్చున్నాడు.

"తీసెయ్యండి సార్. ఆ బొమ్మ తీసెయ్యండి."

బుల్లిబాబు తెర మీది వీడియోను మూసేశాడు. అంతటితో ఆగకుండా, ఆమె అడగకపోయినా, రెండు మూడు మీటలు నొక్కాడు. తెర మూల ఒక సన్నటి పచ్చ గీత మొదలైంది. డిస్కులో ఉన్నదంతా తన కంప్యూటర్లోకి ఎక్కుతోందని అతని చూపులోనే ఆమెకు అర్థమైంది. అది పూర్తి కావడానికి చాలా సేపు పడుతుందని కూడా అర్థమైంది.

తలుపు తెరుచుకుంది. బయటి వేడి, ట్రాఫిక్ చప్పుడు ఒకేసారి లోపలికి వచ్చాయి.

"ఏమన్న కనబడ్డదా బిడ్డా?" అన్నాడు రవీందర్.

"లే మామా. వస్తలేదు."

"వస్తలేదా?"

"లెన్సు మీద దుమ్ము పట్టిందండి," అన్నాడు బుల్లిబాబు, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఏడాదిగా వాడలేదు కదా. శుభ్రం చేసే ప్రోగ్రాం ఒకటి నడుస్తోంది. మధ్యలో తీస్తే మీ డిస్కు పాడైపోద్ది."

"పోతే పోనియ్యి అన్నా. తియ్యి."

ఆ మాట అనేశాక రవీందర్‌కు కూడా అది వినిపించినట్టుంది. గది మధ్యలో ఆగిపోయాడు. బావను విడిపించడానికి ఉన్న ఒక్క ఆధారం పోతే పోనీ అన్న మనిషిని రజిత మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. అతను ఆ చూపును చదివాడు.

"అన్నా, జర బయట నిలబడు. ఇంటి మాటలున్నయి."

బుల్లిబాబు లేవలేదు. "ఇది నా షాపండి."

"తెలుసు. రెండు నిమిషాలు." రవీందర్ గొంతు పెంచలేదు. అతని చెయ్యి మాత్రం బుల్లిబాబు కుర్చీ వెనక వాలింది. బుల్లిబాబు రజిత వైపు చూశాడు. ఇతనికి ఏమైనా అయితే అన్న భయంతో రజిత తల ఊపింది. అతను బయటికి వెళ్లి, గాజు తలుపుకు అవతల, కనిపించేటట్టు నిలబడ్డాడు.

రవీందర్ అతని కుర్చీలోనే కూర్చున్నాడు. తెర మూల పచ్చ గీత పాకుతూనే ఉంది. అదేమిటో అతనికి తెలియదు.

"నీకు చిన్నప్పటి సంది అబద్ధమాడరాదు బిడ్డా. చూసినవు గద."

రజిత చేతులు ఒడిలో బిగించుకుంది. లేదని ఇంకోసారి చెప్పాలనుకుంది. కానీ పళ్లు తోముకుంటూ కూర్చున్న ఆ కూలీ కళ్ల ముందుకు వచ్చాడు.

"చూసిన."

"ఊఁ." అతను ముఖం తుడుచుకున్నాడు. "ఇసుకోళ్లు తాళంచెవి చేతుల పెట్టి, ఒక్క ట్రిప్పు అన్నరు. ఒక్క బండి దింపిస్తే అయిపాయె అన్నరు. ఆ అంచు గట్ల కూలుతదని నాకేం ఎరిక? నేను మట్టిపని ఇంజనీర్‌నా? చలి పెట్టింది, బావ కోటు కనబడ్డది, ఏసుకున్న. బావను ఇరికియ్యాలని ఏసుకున్ననా చెప్పు."

"మరి తర్వాత? కూలినంక మళ్ల మేకుకే తగిలిచ్చినవు గద మామా."

అది ఆమె చూడలేదు. ఊహించి అన్నది. అతను కాదనలేదు.

"భయపడ్డ," అన్నాడు చివరికి. "ఉరికిన. తెల్లారేసరికి బావను పట్టుకపోయిండ్రు. ఇగ అప్పుడు చెప్తే ఇద్దరం లోపలుంటం. ఇంట్ల ఆడోళ్లు మీరిద్దరే మిగులుతరు. బయట నేనుంటే బావను ఎట్లనో గట్ల తెస్త. వకీలుతోటి మాట్లాడిన. తప్పు జరిగిందని బావ ఒప్పుకుంటే శిక్ష తక్కువ పడ్తదట."

"చేయని తప్పు ఒప్పుకోవాల్నా?"

"నీ కోసం గూడ ఆలోచించు. ఆ బండి నాది కాదు. తెప్పిచ్చింది నేను కాదు. దాని వెనకున్నోళ్లు నా లెక్క కూసోబెట్టి మాట్లాడరు." అతను ముందుకు వంగాడు. బతిమాలుతున్నాడో బెదిరిస్తున్నాడో తేల్చుకోలేని గొంతు. "ఆ డిస్కు బిళ్ల నాకియ్యి. దీని సంగతి ఇక్కడనే మరిచిపో. మీ అమ్మ గూడ గదే అంటది. మీ అమ్మకు ఎరికే."

రజిత తల ఎత్తింది. "అమ్మకా?"

"నమ్మకుంటే ఫోన్ చెయ్. అడుగు."

అతను నిబ్బరంగా వెనక్కి వాలాడు. అమ్మ తన వైపే మాట్లాడుతుందని అతనికి గట్టి నమ్మకం ఉంది, అది ముఖంలోనే తెలుస్తోంది. రజిత ఫోను తీసింది. అమ్మకు చేసింది. అటు మొదటి రింగుకే ఎత్తారు.

"అమ్మా," అంది. "మామ చెప్తున్నడు. నీకు ఎరికేనట."

అటు నుంచి వంటింటి కుళాయి తిప్పిన చప్పుడు, నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించాయి. ఆ చప్పుడు చాటున అంజమ్మ గొంతు, పక్కన ఉన్నవాళ్లకు కూడా వినపడనంత సన్నగా వచ్చింది.

"రవి నీ పక్కనున్నడా?"

"ఊఁ."

"మొఖం మార్చకు. నేను చెప్పేది ఇను. నాకు ఎరికే. వాని ముందట సరే అన్నట్టు ఉన్న. మొన్న జైలుకాడ మీ నాయిన చెప్పిండు. ఆయనకు మొదటి దినం నుంచి ఎరికే బిడ్డా. నోరు తెరిస్తే నిన్ను బతకనియ్యమని ఆ బండి తెప్పిచ్చినోళ్లు అన్నరట. అందుకే ఆయన ఎవ్వరి పేరు చెప్తలేడు."

రగ్గు ఒడిలో పెట్టుకుని మామను చూస్తూ కూర్చున్న నాయన ముఖం రజిత కళ్ల ముందుకు వచ్చింది. అది మతి పోయిన మనిషి చూపు అని తాను అనుకుంది. కాదు. తన బిడ్డ ప్రాణం ఎవరి చేతిలో ఉందో తెలిసిన తండ్రి చూపు అది. ఆమె ఏడవకూడదు. ఎదురుగా రవీందర్ రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

"సరే అమ్మా," అంది.

"వీళ్లు అడుగుతున్న బిళ్ల ఏదో నీ దగ్గరున్నదట, అది ఎవ్వరికి ఇయ్యకు. ఇంటికి రాకు. పొద్దుగాల సంది ఇద్దరు మొగోళ్లు మన గడపల కూసున్నరు. చాయ్ పెట్టియ్యి అక్కా, మీ బిడ్డ వచ్చేదాక ఉంటం అన్నరు. ఎక్కడికన్న పో. ఇంటికి మాత్రం..."

అటు ఎవరో మగ గొంతు ఏదో అడిగింది. కుళాయి ఆగింది. ఫోను కట్టయింది.

రజిత ఫోనును వెంటనే చెవి నుంచి తీయలేదు. తీసి ఎదుటి మనిషి కళ్లలోకి చూడటానికి కొంచెం ధైర్యం కూడగట్టుకోవాల్సి వచ్చింది. తలుపు అవతల బుల్లిబాబు మెడ చాచి లోపలికి చూస్తున్నాడు. తెర మూల పచ్చ గీత సగం దాటింది, ఇంకా చాలా ఉంది.

"ఏమన్నది అక్క?" అన్నాడు రవీందర్.

నిజం తప్ప ఏదైనా చెప్పాలి. వెంటనే చెప్పాలి. నోటికి వచ్చిన మాట అదొక్కటే.

"ఇంటికి రమ్మంటున్నది. అక్కడ మాట్లాడుకుందామన్నది."

రవీందర్ ముఖం తేలికపడింది. కుర్చీలోంచి లేచి, డ్రైవ్ ముందున్న మీట నొక్కాడు. పచ్చ గీత ఆగిపోయింది. పళ్లెం బయటికి జారింది. డిస్కును తీసి అంగీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కారు తాళంచెవి చేతిలోకి తీసుకుని, రజిత కోసం గాజు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"పా మరి. కారు కిందనే ఉన్నది, నేనే దింపుత."